తీగ లేని కేక: మార్కోనీ జీవితం



2014 అక్టోబరు 12 ఆదివారం నాడు హుద్‌హుద్ తుఫాను మన విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ ఉదయం పూజకు వచ్చినవారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. హెచ్చరిక ముందే అందింది కనుక జనం ఇల్లు కదలలేదు, మేమూ రమ్మని చెప్పలేదు. మధ్యాహ్నానికి గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగం అందుకుంది. చెట్లు పడ్డాయి, కరెంటు స్తంభాలు పడ్డాయి, విమానాశ్రయం కప్పు ఎగిరిపోయింది. సాయంత్రానికి ప్రతివాడి చేతిలోనూ సెల్‌ఫోను ఉంది గాని అందులో ప్రాణం లేదు. మా విచారణలోని ఒక పెద్దావిడ ఆ తరువాత రోజూ పొద్దున్నే బంగళాకు వచ్చేది. హైదరాబాదులో ఉన్న కొడుక్కి తాను బతికే ఉన్నానని చెప్పాలి, నా ఫోను పలుకుతుందేమో చూడమనేది. నా ఫోనూ ఆమె ఇంట్లో ఫోనులాంటిదే. ఫాదరుగారి ఫోనుకు వేరే ఆకాశం ఉంటుందని ఆమె నమ్మకం కాబోలు.

సెల్‌ఫోను అంటే చిన్న రేడియో పెట్టె. దాని కేక దగ్గరలోని టవరు దాకానే పోతుంది. టవరుకు కరెంటు కావాలి. కరెంటు పోతే బ్యాటరీ, బ్యాటరీ అయిపోతే డీజిలు జనరేటరు. డీజిలు తెచ్చే దారిలో చెట్టు పడి ఉంటుంది. టవరును ఊరి బయటి లోకంతో కలిపే కేబులు ఇంకెక్కడో తెగి ఉంటుంది. ఈ గొలుసులో ఒక్క లంకె ఊడినా చాలు. అటువంటప్పుడు హామ్ రేడియోవారు వస్తారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తరువాతా వచ్చారు, హుద్‌హుద్ తరువాతా వచ్చారు. వారి సామాను చూస్తే నవ్వు వస్తుంది: ఒక పెట్టె, ఒక కారు బ్యాటరీ, రెండు కర్రల మధ్య బిగించి కట్టిన తీగ. ఆ తీగనుండి బయలుదేరిన తరంగం ఏ టవరునూ అడగకుండా ఆకాశంలోని పై పొరను తాకి, వందల మైళ్ళ అవతల దిగుతుంది. ఎత్తుగా కట్టిన తీగతో తరంగాన్ని దూరం పంపవచ్చునని లోకానికి చూపినవాడు ఇటలీ దేశపు యువకుడొకడు. ఆయన జీవితంలో మెచ్చుకోవలసినదీ ఉంది, నొచ్చుకోవలసినదీ ఉంది. రెండూ చెబుతాను.

గుగ్లీల్మో మార్కోనీ 1874 ఏప్రిల్ 25న బొలోన్యా నగరంలో జన్మించాడు. తండ్రి జుసెప్పే భూస్వామి. తల్లి ఆనీ జేమ్సన్ ఐర్లండునుండి వచ్చిన ప్రొటెస్టంటు ఇంటి ఆడపడుచు. బిడ్డకు కతోలిక జ్ఞానస్నానం ఇచ్చినా పెంపకం తల్లి సంప్రదాయంలో సాగింది. చదువు అంతంతమాత్రం. విశ్వవిద్యాలయంలో సీటు దొరకలేదు. పొరుగునే ఉండే ఆచార్య ఆగస్టో రీగీ ప్రయోగశాలకు వెళ్ళి చూసి నేర్చుకున్నాడు. విద్యుత్ తరంగాలున్నాయని రుజువు చేసిన జర్మను శాస్త్రజ్ఞుడు హెర్ట్‌జ్ 1894లో చిన్న వయసులోనే చనిపోయాడు. ఆయన పనిని వివరించే వ్యాసాలు చదివిన ఇరవై ఏళ్ళ మార్కోనీకి ఒకే ఆలోచన పట్టుకుంది. తరంగం గదిలో ఈ మూలనుండి ఆ మూలకు పోగలిగితే ఊరు దాటి ఎందుకు పోకూడదు? పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు ఆ తరంగపు స్వభావం ఏమిటని విచారిస్తుంటే, దానితో కబురు పంపవచ్చునా అన్నది ఈ కుర్రవాడి ప్రశ్న. తత్వశాస్త్రం చదివిన నాకు మొదటి ప్రశ్న మీదే మక్కువ ఎక్కువ. కాని సముద్రంలో మునుగుతున్నవాడికి పనికివచ్చింది రెండోదే.

పాంటెక్కియోలోని తమ ఇంటి మేడపై గదిలో పని మొదలుపెట్టాడు. పంపే పరికరంలో నిప్పురవ్వ పుట్టాలి. అందుకునే పరికరం ఒక గాజు గొట్టం, అందులో లోహపు రజను. తరంగం తగిలితే రజను అతుక్కుని కరెంటును పోనిస్తుంది, చిన్న సుత్తి గొట్టాన్ని తట్టి రజనును మళ్ళీ విడదీస్తుంది. ఈ భాగాలేవీ ఆయన కొత్తగా కనిపెట్టినవి కావు. ఆయన చేసిన మార్పల్లా తీగ ఒక కొసను ఎత్తుగా నిలబెట్టి, రెండో కొసను భూమిలో పాతడం. దానితో దూరం ఒక్కసారిగా పెరిగింది. 1895లో ఒక రోజు అందుకునే పెట్టెను అన్న అల్ఫోన్సో చేతికిచ్చి ఇంటి వెనుకనున్న కొండ అవతలికి పంపాడు. కబురు అందితే తెలిసేదెలా? అన్న చేతిలో తుపాకి ఉంది. గుగ్లీల్మో మీట నొక్కాడు. కొండ అవతల తుపాకి పేలింది.

ఈ తుపాకి సంగతిని పాఠకులు గుర్తుంచుకోండి. పంపినవాడికి తన మాట చేరిందో లేదో తనంతట తెలియదు. అవతలివాడు తిరిగి పలికితేనే తెలుస్తుంది. పుచ్చుకునేది ఏదైనా పుచ్చుకునే పాత్రను బట్టే ఉంటుందని సెమినరీలో పునీత తోమాసు అక్వినాసువారి తత్వం బోధిస్తూ మాకు చెప్పేవారు. అప్పట్లో పరీక్షకోసం బట్టీపట్టాను. దాని అర్థం హుద్‌హుద్ నాటి నిశ్శబ్దంలో కొంత తెలిసింది.

ఇటలీ ప్రభుత్వం ఆసక్తి చూపకపోవడంతో 1896లో తల్లి అతన్ని ఇంగ్లండుకు తీసుకువెళ్ళింది. అక్కడి తపాలాశాఖ ప్రధాన ఇంజనీరు విలియం ప్రీస్ చేరదీశాడు. పేటెంటు వచ్చింది. 1897లో బ్రిస్టల్ జలసంధి మీదుగా కబురు దాటింది, ఆ ఏడే కంపెనీ పుట్టింది. అప్పటికి మార్కోనీకి 23 ఏళ్ళు.

అసలు పరీక్ష 1899లో వచ్చింది. ఇంగ్లండు తూర్పు తీరాన గుడ్విన్ ఇసుకదిబ్బలు ఓడలకు శ్మశానం వంటివి. అక్కడ ఓడలను హెచ్చరించడానికి లంగరు వేసి నిలిపిన దీపపు ఓడ ఉండేది. అందులోనివారికి ఒడ్డుతో మాట్లాడే దారి లేదు. తుపాకులు పేల్చాలి, తారాజువ్వలు వెయ్యాలి, పొగమంచులో అవి ఎవరికీ కనబడవు. 1898 డిసెంబరులో మార్కోనీ మనుషులు ఆ ఓడలో ఒక యంత్రాన్ని, సౌత్ ఫోర్లండు దీపస్తంభంలో మరొకదాన్ని అమర్చారు. మార్చి నెలలో ఎల్బే అనే సరుకు ఓడ దిబ్బల మీదికి ఎక్కింది. కబురు ఒడ్డుకు చేరింది, ప్రాణరక్షక పడవ బయలుదేరింది. ఏప్రిల్ నెలలో మరొక ఓడ వచ్చి ఆ దీపపు ఓడనే గుద్దింది, ఈసారి తనకోసం తానే కేక వేసుకోవలసివచ్చింది. ఆపదలో వైర్‌లెస్ వాడుకకు ఇవే తొలి ఉదాహరణలు. డాల్ఫిన్ నోస్ కొండ మీది దీపం చూస్తూ పెరిగిన మన పిల్లలకు ఈ కథ వేరే దేశపుదని అనిపించదు.

నేలమీద కదిలే కేంద్రం పెట్టాలన్న ప్రయత్నం కూడా అప్పుడే మొదలయింది. ఆ ఏడాది చివరనే దక్షిణాఫ్రికా యుద్ధానికి ఆయన యంత్రాలు వెళ్ళాయి. కాని తీగను ఎత్తడానికి తగిన స్తంభాలు లేక సైనికులు గాలిపటాలకు తీగ కట్టి ఎగరవేశారు. గాలి ఉన్న రోజు కబురు, లేని రోజు మౌనం. సైన్యం విసిగి వదిలేసింది, నౌకాదళం తీసుకుంది. 1901లో మార్కోనీ ఒక ఆవిరి బండి మీద పెద్ద డబ్బాలాంటి యాంటెన్నా బిగించాడు, దారిలో వంతెన అడ్డొస్తే పడుకోబెట్టవచ్చు. నేడు విపత్తు సహాయానికి తెచ్చే చక్రాల సెల్ టవరుకు ముత్తాత ఆ బండే.

అదే సంవత్సరం డిసెంబరు 12న, కెనడా తూర్పు అంచున న్యూఫౌండ్లండులోని సిగ్నల్ హిల్ మీద, ఈదురు గాలిలో గాలిపటానికి కట్టిన తీగ కింద కూర్చుని, 3,400 కిలోమీటర్ల అవతల ఇంగ్లండులోని పోల్డూనుండి వస్తున్న మూడు చుక్కలను విన్నానని ప్రకటించాడు. నిజంగా విన్నాడా, ఆకాశపు గరగరలో విన్నాననుకున్నాడా అని నేటికీ తర్కిస్తున్నారు. భూమి గుండ్రంగా ఉంది కదా, తరంగం వంగి ఎలా వచ్చింది? ఆయనకూ తెలియదు. ఆకాశంలో తరంగాలను తిప్పికొట్టే పొర ఉండాలని 1902లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఊహించారు, 1924లో రుజువయింది. దివిసీమకూ హుద్‌హుద్‌కూ ఉపయోగపడింది ఆ పొరే.

ఇక్కడ మనవాడి పేరు చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. సిగ్నల్ హిల్ మీద వాడిన అందుకునే పరికరంలో ఇనుముకు నడుమ పాదరసపు బొట్టు ఉండేది. అటువంటి అమరికను కలకత్తా ఆచార్యుడు జగదీశ్ చంద్ర బోసు 1899లోనే లండను రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసంలో వర్ణించాడు. బోసుకు పేటెంట్ల మీద ధ్యాస లేదు. మార్కోనీకి ఉన్నది అదే. ఆ రుణాన్ని ఆయన బాహాటంగా ఒప్పుకోలేదు.

నొచ్చుకోవలసిన మరొక సంగతి ఉంది. మార్కోనీ కంపెనీ ఓడలకు యంత్రాలు అమ్మేది కాదు, అద్దెకిచ్చేది, దానితోపాటు తన ఉద్యోగినీ పంపేది. పోటీ కంపెనీ యంత్రమున్న ఓడతో మాట్లాడవద్దని ఆ ఉద్యోగులకు ఆజ్ఞ. సముద్రం మీద మనిషి పిలుస్తుంటే అతని పెట్టె ఏ కంపెనీదని అడగడమన్నమాట. ఆపద సంకేతాలకు సడలింపు ఉందనేవారు గాని, మామూలు పిలుపుకు పలకని అలవాటు ఆపదలో మాత్రం పలుకుతుందని నమ్మడం కష్టం. 1903లో, మళ్ళీ 1906లో దేశాలు బెర్లినులో సమావేశమై, ఏ కంపెనీదైనా పలకవలసిందేనని నిర్ణయించాయి. అందరికీ ఒకే ఆపద సంకేతంగా ఎస్.ఓ.ఎస్. పుట్టింది కూడా 1906 సమావేశంలోనే. అంతకుముందు మార్కోనీ ఉద్యోగులు సి.క్యూ.డి. అని వేరే సంకేతం వాడేవారు. ఈ నిర్ణయాలకు ఆయన కంపెనీ చాలాకాలం అడ్డుపడింది. తుఫాను సమయంలో ఒక శాఖ వాకీటాకీ మరొక శాఖ వాకీటాకీతో మాట్లాడలేని అవస్థను చూసినవారికి ఈ రోగం పాతదేనని తెలుస్తుంది.

1909 జనవరిలో అమెరికా తీరంలో రిపబ్లిక్ అనే ఓడను మరో ఓడ గుద్దింది. జాక్ బిన్స్ అనే యువ ఉద్యోగి గోడ విరిగిన గదిలో, చలిలో గంటల తరబడి కూర్చుని పంపిన కబుర్లవల్ల సుమారు 1,500 మంది ఒడ్డుకు చేరారు. ఆ సంవత్సరమే మార్కోనీకి, జర్మనీకి చెందిన బ్రౌన్‌కు కలిపి నోబెలు బహుమతి వచ్చింది. వైర్‌లెస్ ఉంటే ఓడకు భయం లేదన్న ధీమా లోకానికి పట్టుకుంది.

1912 ఏప్రిల్ 14 రాత్రి ఆ ధీమా విరిగింది. టైటానిక్‌లో ఇద్దరు మార్కోనీ ఉద్యోగులు, జాక్ ఫిలిప్స్, హెరాల్డ్ బ్రైడ్. ముందు రోజు యంత్రం చెడిపోతే, కంపెనీ నియమాన్ని పక్కనపెట్టి, రాత్రంతా మేలుకుని తామే బాగుచేశారు. ఆ నియమానికి కట్టుబడి ఉంటే మరునాడు కేక వేసే సాధనమే ఉండేది కాదు. కాని ఆలస్యంవల్ల ధనిక ప్రయాణికుల తంతులు గుట్టగా పేరుకుపోయాయి. కంపెనీకి రాబడి అదే. రాత్రి 11 గంటల ప్రాంతంలో కాలిఫోర్నియన్ అనే ఓడనుండి మంచుగడ్డల మధ్య ఆగిపోయామన్న కబురు చెవులు చిల్లులుపడేలా వచ్చింది. పనికి అడ్డురావద్దని ఫిలిప్స్ కసురుకున్నాడు. అవతలి ఉద్యోగి సిరిల్ ఎవన్స్ ఆ ఓడలో ఒక్కడే వైర్‌లెస్ మనిషి, పొద్దుటినుండి పనిచేసి అలిసిపోయాడు. కొద్దిసేపటికి యంత్రం ఆపి పడుకున్నాడు. 11 గంటల 40 నిమిషాలకు టైటానిక్ మంచుకొండను తాకింది. అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది కాలిఫోర్నియన్ అని తరువాత విచారణ సంఘాలు తేల్చాయి. ఫిలిప్స్ తెల్లవారుజామున నీళ్ళు గదికి వచ్చేదాకా మీట వదలలేదు. ఆయన బతకలేదు.

ఆ కేకను విన్నది 58 మైళ్ళ దూరంలోని కార్పేథియా. దానిలోనూ వైర్‌లెస్ మనిషి ఒక్కడే, పేరు హెరాల్డ్ కాటం. పడుకోబోతూ, వేరే కబురుకు జవాబు వస్తుందేమోనని చెవులకు తొడుగులు ఇంకా తియ్యలేదు. 700 మందికి పైగా బతికారంటే ఆ తియ్యకపోవడంవల్లనే. 1,500 మంది దాకా మరణించారు. యంత్రాలు రెండు ఓడల్లోనూ బాగానే ఉన్నాయి. ఒక చోట మనిషి నిద్రపోయాడు, ఒక చోట ఇంకా నిద్రపోలేదు. ఎవన్స్‌ను నేను నిందించను. ఒక్క మనిషిని పెట్టి ఇరవైనాలుగు గంటలు వినమని ఎవరంటారు? రెండో మనిషి జీతం ఎవరూ ఇవ్వదలచుకోలేదు.

మార్కోనీ అప్పుడు న్యూయార్కులోనే ఉన్నాడు. కార్పేథియా రేవుకు రాగానే ఓడ ఎక్కి, కాళ్ళు గడ్డకట్టి నడవలేని స్థితిలో ఉన్న బ్రైడ్‌ను పలకరించాడు. జనం ఆయనను రక్షకుడని కొనియాడారు. అమెరికా సెనేట్ కమిటీ మాత్రం, ఉద్యోగులు తమ కథను పత్రికకు అమ్ముకోవడానికి ఎందుకు అనుమతించారని నిలదీసింది. అదే సంవత్సరం ఇంగ్లండులో ఆయన కంపెనీ వాటాల విషయంలో మంత్రుల మీద పెద్ద దుమారం రేగింది. సెప్టెంబరులో ఇటలీలో కారు ప్రమాదంలో మార్కోనీ కుడి కన్ను పోగొట్టుకున్నాడు.

టైటానిక్ ఫలితంగా 1914 జనవరిలో లండనులో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. పెద్ద ఓడల్లో రాత్రింబవళ్ళు ఎవరో ఒకరు వింటూ ఉండాలి. తరువాతి సంవత్సరాలలో మరొక నియమం వచ్చింది. ప్రతి అరగంటకు మూడు నిమిషాలు ఓడలు, తీర కేంద్రాలు అన్నీ ఆపద తరంగం మీద మాట్లాడడం ఆపి, వినాలి. వైర్‌లెస్ గదుల గడియారాలలో ఆ మూడు నిమిషాల భాగానికి ఎర్ర రంగు వేసేవారు. ఆ గడియారం బొమ్మ చూసినప్పుడల్లా నాకు గొప్ప గౌరవం కలుగుతుంది. 1999 ఫిబ్రవరి 1నుండి ఉపగ్రహాలతో కూడిన కొత్త పద్ధతి పూర్తిగా అమలులోకి వచ్చి మోర్సు సంకేతాలకు సెలవు ఇచ్చారు.

మార్కోనీ మలి జీవితాన్ని క్లుప్తంగా చెబుతాను. 1905లో బియాట్రిస్ ఓబ్రయన్‌తో జరిగిన వివాహం నిలవలేదు, 1927లో శ్రీసభ దాన్ని చెల్లనిదిగా ప్రకటించింది. ఆయన కతోలిక విశ్వాసంలో భద్రమైన అభ్యంగనం పొంది మరియా క్రిస్టీనాను పెళ్ళాడాడు. ఎలెట్రా అనే ఓడను కొని దాన్నే ప్రయోగశాలగా చేసుకుని ఏళ్ళ తరబడి సముద్రం మీదే గడిపాడు. 1923లో ముస్సోలినీ పార్టీలో చేరాడు, పదవులు తీసుకున్నాడు, 1935లో ఇటలీ ఇతియోపియా మీద పడితే దాన్ని సమర్థించాడు. ఆపదలో ఉన్నవాడి కేక వినే సాధనాన్ని లోకానికి ఇచ్చినవాడికి ఆ పేద దేశపు కేక వినబడలేదు. మన కతోలిక పత్రికలు ఆయనను తలచుకున్నప్పుడు ఈ భాగాన్ని దాటవేయడం నేను చూశాను. అది సరికాదు.

1931 ఫిబ్రవరి 12న మార్కోనీ నిర్మించిన వాటికన్ రేడియోను పదకొండవ పయస్ పాపుగారు ప్రారంభించి లత్తీను భాషలో లోకానికి సందేశమిచ్చారు. ఒక పాపుగారి కంఠం రేడియోలో వినిపించడం అదే మొదలు. ఎక్కువమందికి గుర్తున్నది ఆ రోజు వైభవమే. నాకు పెద్దదిగా తోచేది అది తరువాత చేసిన పని. 1940నుండి 1946 వరకు, రెండవ ప్రపంచయుద్ధంలో బందీలైనవారి, జాడ తెలియనివారి పేర్లు చదువుతూ ఆ కేంద్రం 12 లక్షలకు పైగా కబుర్లు ప్రసారం చేసింది. ఫలానావాడు ఫలానా శిబిరంలో బతికే ఉన్నాడు, ఇంటివారికి చెప్పండి. మా విచారణ పెద్దావిడ అడిగినది అంతకంటె పెద్ద కోరిక కాదు.

అది చూడడానికి మార్కోనీ లేడు. 1937 జూలై 20న రోములో గుండెపోటుతో మరణించాడు. ఆయనకు గౌరవసూచకంగా ఎన్నో దేశాల రేడియో కేంద్రాలు రెండు నిమిషాలు ప్రసారాలు ఆపివేశాయి.

మన జాలర్లలో కొందరి పడవల్లో ఇప్పుడు ఇస్రో రూపొందించిన ఆపద సంకేత యంత్రం ఉంది. మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా తీరరక్షక దళానికి కబురు పోతుంది. 2010 ప్రాంతంలో వచ్చిన మొదటి యంత్రానికి ఒకటే దారి. నొక్కినవాడికి తన కేక ఎవరైనా విన్నారో లేదో తెలిసేది కాదు, అలల మధ్య ఊరకే ఎదురుచూడాలి. 2024లో విడుదలైన రెండవ తరం యంత్రంలో అవతలివారికి కబురు అందగానే పడవకు తిరిగి జవాబు వస్తుంది. పాంటెక్కియో కొండ అవతల అల్ఫోన్సో తుపాకి పేల్చిన తరువాత అప్పటికి 129 ఏళ్ళు గడిచాయి.